ఐదో స్థానం

మాది నిజాంపట్నం. రేపల్లెకు దక్షిణాన, మడ అడవులు దాటితే బంగాళాఖాతం. నాలుగు వందల ఏళ్ల కిందట ఐరోపా వర్తకుల నావలు మా రేవును వెదుక్కుంటూ వచ్చాయని, 1611లో 'గ్లోబ్' అనే ఆంగ్లేయుల ఓడ మచిలీపట్నం చేరే ముందు ఇక్కడ ఆగిందని చరిత్ర పుస్తకాల్లో చదివినప్పుడు నాకు గర్వంగానే ఉండేది. కాని అది తీరిక ఉన్నవాళ్ల గర్వం. మా ఇళ్లలో నీరు అంటే తిండి, నీరు అంటే భయం. ఈత ఒక విద్య అనిగాని, దానికి పందేలూ పతకాలూ ఉంటాయనిగాని ఎవరూ తలచేవారు కారు. నడక నేర్చినట్లే పిల్లలు ఈత నేర్చేవారు. నడిచినందుకు ఎవరైనా బహుమతి ఇస్తారా?

మా నాయన వేటకు వెళ్లే మనిషి. ఒడ్డున కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటూ ఒకసారి నాతో అన్నాడు: "సముద్రం మీద మనిషిని బతికించేది పడవరా. ఈత కాలువ వరకే." ఆ మాటలోని అర్థం నాకు అప్పుడు తెలియలేదు. కాలువ వరకే అయినా ఈత సరదాగానే నేర్చుకున్నాను. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి పెద్దవాళ్లు నీళ్లలోకి దింపేవారు. రెండు వేసవులు గడిచేసరికి బుర్రలు ఊడదీసి గట్టున పారేశాను. కుక్క ఈత, కప్ప ఈత, వెల్లకిల ఈత, మునుగీత. మాకు తెలిసిన ఈతలు ఇవే. ఎవరు ఎంతసేపు నీటి అడుగున ఉండగలరు అన్నదే మా పందెం. దూరాలు కొలిచిన వాళ్లు లేరు, గడియారం చూసిన వాళ్లు అసలే లేరు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. లోకం దానిని దివిసీమ ఉప్పెన అంటుంది. దివిసీమలో పోయిన ప్రాణాలకు లెక్క లేదు కనుక ఆ పేరు న్యాయమే. అయితే కృష్ణకు ఇవతలి ఒడ్డున ఉన్న మమ్మల్ని కూడా అది వదలలేదు. నాకు అప్పుడు పదేళ్లు. ఆ రాత్రి గురించి వివరంగా రాయలేను; చాలామంది రాశారు, నాకంటే బాగా రాశారు. నాకు గుర్తున్నది ఒక్క సంగతి. నాయన నన్ను తాటిచెట్టు మొదలుకు వల తాడుతో కట్టి, తాను నా వెనుక నిలబడి చెట్టును కౌగిలించుకున్నాడు. నీళ్లు నా గడ్డం దాకా వచ్చాయి, నోట్లోకి వచ్చాయి, ముక్కులోకి వచ్చాయి. నాకు వచ్చిన నాలుగు రకాల ఈతల్లో ఒక్కటీ ఆ రాత్రి అక్కరకు రాలేదు. ఈత కాలువ వరకే అన్న మాట అప్పుడు అర్థమైంది.

ఆ తరువాత నేను నీళ్లలో దిగలేదు. చెంబుతో నెత్తిన పోసుకుంటే కూడా ఊపిరి ఆగిపోయినట్లు ఉండేది. చదువు పాడవుతుందని అమ్మ నన్ను రేపల్లెలో ఉన్న మేనమామ ఇంటికి పంపింది. మా మావయ్య నీటిపారుదల శాఖలో లస్కరు. కాలువ గట్లు కాయడం, తూముల తలుపులు ఎత్తడం దించడం, గండి పడకుండా చూడడం ఆయన ఉద్యోగం. బెజవాడ ఆనకట్ట దగ్గర బయలుదేరిన కృష్ణ నీళ్లు పడమటి డెల్టా కాలువల గుండా తిరిగి తిరిగి మా చేల దాకా వచ్చేటప్పటికి ఎన్నిసార్లు దారి మళ్లుతాయో ఆయనకు కంఠతా వచ్చు. నీటితో బతికే మనిషి ఇంటికి నీరంటే హడలిపోయే పిల్లవాడు వచ్చి చేరాడు. ఆయన నన్ను ఒక ఏడాది పాటు ఏమీ అనలేదు.

మరుసటి ఏడు కాలువకు నీళ్లు వదిలిన కొత్తలో, ఒక సాయంత్రం నన్ను వెంట తీసుకుపోయి గట్టున కూర్చోబెట్టాడు. ఎదురుగా గేదెలు ఈదుతున్నాయి. నల్లటి వీపులు, నీటి మీద ముక్కులు, అంతే కనిపిస్తున్నాయి.

"దానికి ఈత ఎవరు నేర్పారురా?" అన్నాడు.

"ఎవరూ నేర్పలేదు మావయ్యా."

"ముక్కు పైన పెట్టి, బరువంతా నీళ్లకు అప్పగించేస్తుంది. నీళ్లతో పోట్లాడదు, చూడు. ఈ పక్కనే కైతేపల్లిలో ఒక సాయిబు గారి అబ్బాయి ఉండేవాడు. ఇట్లాగే గేదెల వెంట దిగి ఈత పట్టుకున్నాడు. మిలిటరీలో చేరాడు. ఆస్ట్రేలియా పోయి ఒలింపిక్సులో ఈదాడు. ప్రపంచం మొత్తానికి ఐదో వాడుగా వచ్చాడు. ఈ నీళ్లేరా, వేరే నీళ్లు కావు."

ఆ అబ్బాయి పేరు షంషేర్ ఖాన్. ఆ పేరును నేను వినడం అదే మొదటిసారి.

"ఐదో వాడు గదా, నువ్వు కూడా ఐదు లెక్కపెట్టు. ఐదు అనేదాకా తల ముంచి ఉంచు. చాలు, ఇంటికి పోదాం" అన్నాడు మావయ్య. ముంచాను. మూడు దగ్గర లేచాను. ఆయన ఏమీ అనకుండా ఇంటికి తీసుకుపోయాడు. నాలుగో రోజున ఐదు దాకా లెక్కపెట్టాను. వానలు వెనకపట్టే నాటికి మళ్లీ ఈదుతున్నాను. ఉప్పెన నా నుండి తీసుకుపోయిన దానిని, ముఖమైనా ఎరుగని ఒక మనిషి సాధించిన ఐదో స్థానం నాకు తిరిగి ఇప్పించింది. ఆ స్థానాన్ని నేను ఎంతగా నమ్మానో, ఎందుకు నమ్మానో చెప్పడానికే ఈ వివరమంతా.

పెద్దవాణ్ణయిన కొద్దీ షంషేర్ ఖాన్ గురించి పత్రికల్లో వచ్చిన ప్రతి ముక్కా సేకరించాను. తెలిసింది కొద్దే. ఆయన రేపల్లె దగ్గరి కైతేపల్లిలో పుట్టి పెరిగారు. పడుచుతనంలోనే సైన్యంలో చేరారు. అక్కడి అధికారులు ఆయన ఈతను గుర్తించారు. 1954లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో జాతీయ రికార్డు నెలకొల్పారు. 1955లో బెంగుళూరులో జరిగిన పోటీల్లో పాత రికార్డులను తిరగరాశారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడల్లో 200 మీటర్ల బటర్‌ఫ్లై, 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ పోటీల్లో భారతదేశం తరఫున పాల్గొన్నారు.

ఆ సంవత్సరాన్ని గమనించాలి. ఆంధ్రప్రదేశ్ అవతరించింది 1956 నవంబరు 1న. మెల్‌బోర్న్ క్రీడలు ప్రారంభమైనది అదే నెల 22న. అంటే కొద్ది వారాల వయసు మాత్రమే ఉన్న రాష్ట్రం నుండి ఒక యువకుడు ఒలింపిక్ కొలనులో దిగాడన్నమాట. ఆ క్రీడలకే హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో మన ఫుట్‌బాల్ జట్టు కూడా వెళ్లింది. అందులో హైదరాబాదు ఆటగాళ్లు పలువురు ఉన్నారు. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. తెలుగు నేలకు అది తక్కువ సంవత్సరం కాదు. మన పాఠ్యపుస్తకాలు ఆ ఏటి రాజకీయాలకు ఇచ్చినంత చోటు దీనికి ఇవ్వలేదని నా ఫిర్యాదు.

బటర్‌ఫ్లై ఈతను గురించి రెండు మాటలు చెప్పాలి. రెండు చేతులూ ఒక్కసారే నీటి మీదికి లేచి, రెక్కల్లా ముందుకు వచ్చి పడాలి. కాళ్లు రెండూ జతగా చేపతోకలా ఆడాలి. ఈతలన్నింటిలోకీ అలుపు ఎక్కువ తెప్పించేది అదే. 1952 దాకా దానికి స్వతంత్రమైన ఉనికి లేదు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఒక పద్ధతిగానే సాగింది. ఆ ఏటి హెల్సింకీ క్రీడల తరువాత అంతర్జాతీయ సమాఖ్య దానిని వేరుచేసింది. ఒలింపిక్ క్రీడల్లో బటర్‌ఫ్లై విడిగా జరిగినది మొదటిసారి మెల్‌బోర్న్‌లోనే. పుట్టి నాలుగేళ్లయినా నిండని ఈతను కైతేపల్లి కుర్రవాడు సైనిక శిబిరంలో పట్టుకుని దేశంలో అందరికంటే ముందు నిలిచాడు.

ఇక 200 మీటర్లు. ఈతలో 50, 100 మీటర్లు పొట్టి పందేలు; 1500 మీటర్లది పొడుగు పందెం. 200, 400 మీటర్లు మధ్య దూరాలు. నా అనుభవంలో మధ్య దూరమే కష్టం. పొట్టి దూరంలో ఉన్నదంతా ఒక్కసారి ఖర్చు చేసేయవచ్చు. పొడుగు దూరంలో పొదుపు చేసుకోవచ్చు. మధ్య దూరంలో ఖర్చూ తప్పదు, పొదుపూ తప్పదు. కళాశాల రోజుల్లో మేము కాలువ మీద ఒక వంతెన నుండి ఇంకొక వంతెన దాకా సుమారు అంతే దూరం ఈదేవాళ్లం. సగం దాటాక, మూడో వంతులో, చేతులు నావి కావనిపించేది. ఒడ్డున ఉన్నవాళ్లు ఏదో అరుస్తుంటారు, వినిపించదు. నేను ఈదినది మామూలు బార ఈత. అదే దూరం బటర్‌ఫ్లైలో ఈదడమెలాగో నేను ఊహించను కూడా లేను.

నేను జూనియర్ కళాశాలలో తెలుగు అధ్యాపకుణ్ణయ్యాను. ప్రతి ఏడూ, పాఠ్యాంశం ఏదైనా సరే, ఏదో ఒక సందు చూసుకుని తరగతిలో షంషేర్ ఖాన్ కథ చెప్పేవాణ్ణి. చెప్పగా చెప్పగా కథ నునుపెక్కింది. గేదెల దగ్గర పిల్లలు నవ్వేవారు. మెల్‌బోర్న్ దగ్గర నిశ్శబ్దం అయ్యేవారు. "ఒలింపిక్ క్రీడల్లో ఈదిన మొట్టమొదటి భారతీయుడు! ప్రపంచంలో ఐదో స్థానం!" అని బల్ల మీద చరిచి ఆపేవాణ్ణి. ఆ రెండు మాటలూ పత్రికల్లో అచ్చయినవే. అచ్చయినది అబద్ధం కాదని నమ్మిన తరం నాది.

2009లో అనుకుంటాను, రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి కథ విన్న మరునాడు తరగతిలో లేచి నిలబడింది. చేతిలో ఇంటర్నెట్ కేంద్రంలో అచ్చు తీయించుకున్న కాగితం ఉంది.

"సార్, ఫైనల్లో ఈదిన ఎనిమిది మంది పేర్లు ఇందులో ఉన్నాయండీ. షంషేర్ ఖాన్ గారి పేరు లేదండీ."

తరగతి అంతా నా వైపు చూసింది. "కంప్యూటర్లో ఎవరో రాసినదంతా వేదమా? కూర్చో" అన్నాను. ఆమె కాగితం నా బల్ల మీద పెట్టి కూర్చుంది. ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. నేను పాఠంలోకి వెళ్లిపోయాను. ఆ రోజు ఏ పాఠం చెప్పానో గుర్తులేదు.

రాత్రి ఇంటి దగ్గర ఆ కాగితం చదివాను. ఆ తరువాత నేనే వెళ్లి మరికొన్ని చూశాను. అమ్మాయి చెప్పినది నిజం. మెల్‌బోర్న్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై గెలిచినవాడు అమెరికాకు చెందిన విలియం యోర్జిక్. కాలం 2 నిమిషాల 19.3 సెకన్లు. రెండోవాడు జపానుకు చెందిన ఇషిమోటో, మూడోవాడు హంగరీకి చెందిన టుంపెక్. ఐదో స్థానంలో ఉన్న పేరు జాన్ మార్షల్, ఆస్ట్రేలియా. షంషేర్ ఖాన్ తొలి దశ పోటీలు దాటి ముందుకు పోలేదు.

'మొట్టమొదటి భారతీయుడు' అన్న మాట కూడా నిలవలేదు. 1932లో లాస్ ఏంజెలెస్ క్రీడల్లోనే నలిన్ మాలిక్ ఫ్రీస్టైల్ పోటీల్లో ఈదారు. 1948లో లండన్ వెళ్లినవారిలో సచిన్ నాగ్ ఉన్నారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచినది ఆయనే. 1952లో హెల్సింకీలో ఆరతి సాహా అనే చిన్న బాలిక ఈదింది. ఏడేళ్ల తరువాత ఇంగ్లీషు ఛానల్ ఈది దాటిన తొలి ఆసియా మహిళగా ఆమెనే ప్రపంచం గుర్తించింది. వీళ్లందరినీ నేను పదిహేనేళ్లుగా తరగతి గదిలో బల్ల చరిచి మరీ తుడిచేస్తున్నానన్నమాట.

జాన్ మార్షల్ ఎవరో తెలుసుకుందామనిపించింది. నేను ఇన్నాళ్లూ ఆయన స్థానాన్నే ఇంకొకరికి ఇస్తూ వచ్చాను కదా. ఆయన మధ్య, దీర్ఘ దూరాల ఫ్రీస్టైల్‌లో ఒకప్పుడు ప్రపంచ రికార్డులు వరుసగా బద్దలుకొట్టిన మొనగాడు. 1948లో లండన్‌లో 1500 మీటర్లలో రజతం, 400 మీటర్లలో కాంస్యం గెలిచాడు. ఫ్రీస్టైల్‌లో తన కాలం అయిపోయాక పట్టువదలక బటర్‌ఫ్లై నేర్చుకుని సొంత దేశంలో జరుగుతున్న క్రీడల్లో దిగాడు, ఐదో స్థానంలో వచ్చాడు. కొన్ని వారాలకే, 1957 జనవరిలో, కారు ప్రమాదంలో మరణించాడు. ఆ పంక్తి చదివాక చాలాసేపు ఆ పుట మీదనే ఉండిపోయాను.

ఆ కొలను ఎలాంటిదో, అందులో ఎవరెవరు ఈదారో కూడా అప్పుడే చదివాను. ఆ క్రీడల్లో ఫ్రీస్టైల్ పందేలన్నీ, పురుషులవీ స్త్రీలవీ, ఆస్ట్రేలియా వాళ్లే గెలిచారు. 400, 1500 మీటర్లు రెండింటినీ గెలిచిన ముర్రే రోజ్‌కు అప్పటికి 17 ఏళ్లు. మాంసం ముట్టని కుటుంబం. సముద్రపు నాచు కూడా తింటాడని పత్రికలు అతనికి ముద్దుపేరు పెట్టాయి. నాలుగేళ్ల తరువాత రోమ్‌లో 400 మీటర్లు మళ్లీ గెలిచాడు. మెల్‌బోర్న్ క్రీడల కోసం ఆ దేశపు జట్టు ఉత్తరాన వెచ్చగా ఉండే టౌన్స్‌విల్ పట్టణంలో చలికాలమంతా శిబిరం వేసుకుని సాధన చేసింది. నీటి ఒరిపిడి తగ్గుతుందని పోటీకి ముందు ఒంటి మీది రోమాలు సైతం గీయించుకున్నారు. ఈ సంగతి మావయ్యకు చెబితే నమ్మడని అప్పుడే అనుకున్నాను.

ఇటు చూస్తే మనవాడు. ప్రభుత్వం విమానపు ఖర్చు మాత్రమే భరించిందని, అక్కడ తిండికీ ఇతర ఖర్చులకూ తాను అప్పు చేసుకుని వెళ్లవలసి వచ్చిందని, ఆ అప్పు తరువాత జీతంలో కోసుకున్నారని ఆయన వృద్ధాప్యంలో పత్రికల వాళ్లతో చెప్పుకున్నారు. ఎదుటి గట్టున నిలిచినవారికి నెలల శిబిరం, వైద్యులు, శిక్షకులు. ఇతనికి తిరిగి కట్టవలసిన అప్పు. ఆ తొలి దశ పోటీలో అతను గోడను తాకి తల పైకెత్తి చూసుకున్న క్షణాన్ని ఎన్నిసార్లు ఊహించుకున్నానో చెప్పలేను. ముందు ఎంతమంది ఉన్నారో అతను ఒక్క చూపులో లెక్కపెట్టుకునే ఉంటాడు. ఆ లెక్క నాకు అక్కరలేదు అనిపించిన రోజునే, నిజానికి, ఆ మనిషి మీద నాకు గౌరవం పుట్టింది. అంతకు ముందు ఉన్నది గౌరవం కాదు, ఐదు అనే అంకె మీది వ్యామోహం.

సెలవులకు రేపల్లె వెళ్లినప్పుడు మావయ్యకు చెప్పాను. అప్పటికి ఆయనకు చూపు మందగించింది. వసారాలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"మావయ్యా, షంషేర్ ఖాన్ గారు ఐదో వాడుగా రాలేదట."

"మరి ఎన్నో వాడట?"

"తొలి పోటీయే దాటలేదట."

మావయ్య కాసేపు మాట్లాడలేదు. "పేపర్లో అట్లా రాశారే" అన్నాడు. తరువాత పకపకా నవ్వి, "అయితే ఇప్పుడు ఆ ఈత వెనక్కి ఇచ్చేస్తావేమిట్రా?" అన్నాడు.

రోమాలు గీయించుకున్న సంగతి కూడా చెప్పాను. అనుకున్నట్లే నమ్మలేదు.

2010లో ఒకరోజు కళాశాల విడిచిపెట్టాక ఆటో ఎక్కి కైతేపల్లి వెళ్లాను. ఆయన అప్పటికి సైన్యం నుండి తిరిగి వచ్చి దశాబ్దాలు గడిచాయి. 1962లో చైనాతో జరిగిన యుద్ధంలోనూ, ఆ తరువాత పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలోనూ పాల్గొన్నారని, పింఛను మీద కష్టంగానే రోజులు వెళ్లదీస్తున్నారని పత్రికల్లో వచ్చేది. 1990 తుపానులో ఇల్లు దెబ్బతిని పతకాలూ ధ్రువపత్రాలూ పోయాయని కూడా రాశారు. ఆ తుపాను నాకు తెలుసు. మే 9న కృష్ణ ముఖం దగ్గర తీరం దాటింది. 1977ను చూసిన మేమంతా ఈసారి ముందుగానే ఇళ్లు వదిలి పోయాం కనుక బతికాం. ఇల్లు వదిలి పరుగెత్తేటప్పుడు మనిషి బిడ్డలను ఎత్తుకుంటాడు, బియ్యం మూట ఎత్తుకుంటాడు. పతకాలు ఎవరికి గుర్తుంటాయి?

ఊరి మొదట టీ కొట్టు దగ్గర ఆటో దిగి ఇల్లు ఎక్కడని అడిగాను. కొట్టు అతను చేయెత్తి చూపించాడు. రెండు వందల అడుగులు కూడా లేదు. అక్కడే ఆగిపోయాను. వెళ్లి ఏమని అడగాలి? "అయ్యా, మీరు ఐదో స్థానంలో వచ్చారంటారే, నిజమేనా?" అని అడగాలా? కాగితాలన్నీ తుపానులో పోయిన ముసలి మనిషిని సాక్ష్యం చూపించమనాలా? అడగకుండా నమస్కరించి రావచ్చు కదా అని ఇవాళ ఎవరికైనా తోస్తుంది. నాకూ తోస్తుంది. ఆ సాయంత్రం తోచలేదు. జేబులో ఆ అమ్మాయి కాగితం ఉంది. టీ తాగి, డబ్బులిచ్చి, వచ్చిన ఆటోలోనే తిరిగి వచ్చేశాను.

ఆ అమ్మాయికైనా తప్పు ఒప్పుకున్నానా అంటే, అదీ లేదు. తరువాతి ఏటి విద్యార్థులకు కథను సరిదిద్ది చెప్పాను. కాని అప్పటికి ఆమె పరీక్షలు రాసి వెళ్లిపోయింది. ఆమె కాగితం నా బల్ల సొరుగులోనే ఉంది, మడతల దగ్గర చిరిగిపోతోంది.

సరిదిద్దిన కథకు పిల్లలు మునుపటిలా చప్పట్లు కొట్టలేదని ఒప్పుకోవాలి. మొదటివాడు కాడు, ఐదోవాడు కాడు, ఫైనల్‌కు కూడా పోలేదు. మరి ఎందుకు చెబుతున్నారు సార్ అని ఒకడు అడిగాడు. నిజమైన ప్రశ్న. నేను నల్లబల్ల మీద రెండు గీతలు గీసి, వాటి నడుమ 50 మీటర్లు అని రాసి, నాలుగుసార్లు అటూ ఇటూ తిరగాలన్నాను. మీలో ఈత వచ్చినవాళ్లు చేతులెత్తండి అన్నాను. మగపిల్లలు చాలామంది ఎత్తారు, ఆడపిల్లలు ఇద్దరు. ఈ ఆదివారం కాలువలో ఒకసారి అంత దూరం ఈది చూసి సోమవారం మళ్లీ నన్ను అదే ప్రశ్న అడగమన్నాను. ముగ్గురు మాత్రం ఈది వచ్చారు. ముగ్గురిలో ఎవరూ మళ్లీ అడగలేదు.

2017 అక్టోబరులో షంషేర్ ఖాన్ కన్నుమూశారు. పత్రికలు మళ్లీ 'తొలి భారతీయ ఒలింపిక్ ఈతగాడు' అని, 'ఐదో స్థానం' అని రాశాయి. నాకు కోపం రాలేదు. ఒకప్పుడు నేను రాసినా అలాగే రాసి ఉండేవాణ్ణి.

కొన్నాళ్లు ఆగి మళ్లీ కైతేపల్లి వెళ్లాను. ఈసారి టీ కొట్టు దాటి నడిచాను. ఇంటి ముందు కాసేపు నిలబడ్డాను. తెలియని మనిషిని, లోపలికి వెళ్లి కొత్తగా చెప్పవలసినది ఏముంది? అక్కడి నుండి పంట కాలువ గట్టు మీదికి నడిచాను. కాలువలో నిండుగా నీళ్లున్నాయి. ఒక పక్కన గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుంది, రెండో పక్కన నీళ్లు స్వచ్ఛంగా పారుతున్నాయి. నలుగురు పిల్లలు గేదెలను కడుగుతున్నారు. ఒకడు గేదె తోక పట్టుకుని, కాళ్లు మాత్రం ఆడిస్తూ, దాని వెంట అవతలి గట్టుకు పోతున్నాడు.

"ఒరే అబ్బాయిలూ, షంషేర్ ఖాన్ గారు తెలుసా మీకు?" అని అడిగాను.

"తెలుసండీ. మా ఊరాయనే. మొన్న చచ్చిపోయాడు" అన్నాడు అందరిలోకీ చిన్నవాడు.

"ఆయన ఏం చేశాడో తెలుసా?"

వాడు చేతిలోని గడ్డి చుట్టతో గేదె వీపు రుద్దుతూ ఒక్క క్షణం ఆలోచించాడు.

"బాగా ఈదేవాడంటండీ" అన్నాడు.

అంతలో తోక వదిలేసిన పిల్లవాడు నడి కాలువలో నుండి కేక వేశాడు. మిగిలిన వాళ్లంతా గేదెలను విడిచిపెట్టి నీళ్లలోకి దూకారు.